అంకెలు చూపే మీటరు: ఒక విమర్శ

పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలలో నేడు తరచుగా కనిపించే నమూనాలలో ఇంజను వేడిని చూపే మీటరు ఒకటి. ఆర్డుయినో అనే చిన్న పలక, ఎల్.ఎం.35 అనే మూడు కాళ్ల సెన్సరు, అంకెలు చూపే తెర - ఈ మూడింటిని తీగెలతో కలుపుతారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానాలలో పత్తి, మిరప పండించే ఇళ్ల పిల్లలు దీనిని ట్రాక్టరుకు బిగించాలని ఉబలాటపడడం సహజం. ముల్లు కదలని మీటరుతోనే దుక్కి సాగించే ట్రాక్టర్లు మన పల్లెలకు కొత్త కాదు గదా! ఉద్దేశం మెచ్చదగినదే. కాని బల్ల మీద మెరిసే ఈ పరికరాన్ని పొలంలో నమ్మవచ్చునా అన్నది ప్రశ్న.

ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో, ఎలక్ట్రానిక్సు చదువని విద్యార్థులకు కూడ సులువుగా ఉండవలెనని రూపొందినది. 2016లో మొదలైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ వారి టింకరింగ్ ల్యాబుల ద్వారా మన బడులలోనూ ఇది పరిచితమైనది. ఆ సులువే దీని గుణం. చిక్కు కూడ అక్కడే ఉన్నది.

తెర మీద 95.21 డిగ్రీలని కనిపిస్తుంది. చూసినవారు అబ్బురపడతారు. విద్యార్థులు ఒక లెక్క వేసి చూడవలె. ఈ పలకలోని మైక్రోకంట్రోలరు 0 నుండి 5 వోల్టుల వరకు గల మేరను 1024 మెట్లుగా విభజిస్తుంది. ఒక్కొక్క మెట్టు 4.88 మిల్లీవోల్టులు. సెన్సరు డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. అనగా మెట్టుకు దాదాపు అర డిగ్రీ. అర డిగ్రీ మెట్లపై నడిచే యంత్రం నూరవ వంతును ఎట్లా కొలవగలదు? చివరి రెండు అంకెలు భాగహారం వలన పుట్టినవే గాని ఇంజను నుండి వచ్చినవి కావు.

ఇంతకన్న పెద్ద లోపం మరొకటి ఉన్నది. ఈ పలక సెన్సరు వోల్టేజిని తనకు అందే సరఫరాతోనే పోల్చుకుంటుంది. 5 వోల్టులకు బదులు 4.75 మాత్రమే అందితే, 95 డిగ్రీల ఇంజను తెర మీద దాదాపు 100 డిగ్రీలుగా కనిపిస్తుంది! ప్రదర్శనశాలలో సరఫరా నిలకడగా ఉంటుంది గనుక దోషం బయటపడదు. ట్రాక్టరు బ్యాటరీ పేరుకు 12 వోల్టులది, ఛార్జింగు జరిగేటప్పుడు 14 దాకా పోతుంది, స్టార్టు చేసేటప్పుడు బాగా పడిపోతుంది. దీనికి మందు చిప్పులోనే ఉన్నది: 1.1 వోల్టుల అంతర్గత ప్రమాణం. ఐతే అది కూడ చిప్పు చిప్పుకూ 1.0 నుండి 1.2 వరకు మారుతుంది. కావున ఒకసారి మంచి వోల్టుమీటరుతో కొలిచి ఆ విలువనే ప్రోగ్రాములో వ్రాయక తప్పదు. ఎక్కువ నమూనాలలో లోపించేది ఈ ఒక్క పనే.

సెన్సరును ఎక్కడ పెట్టినారన్నది ఎవరూ అడగరు. రేడియేటరు వెలుపల టేపుతో అంటిస్తే అది లోహపు పైభాగపు వేడినే చెబుతుంది. కంపెనీ సెన్సరు ఇంజనులోని నీటి దారిలో మునిగి ఉంటుంది. అదైనా నీరు కారిపోయి మట్టం దిగిపోతే గాలిలో నిలిచి తక్కువ వేడి చూపగలదు. ఇంజను పట్టేసే వేళకు మీటరు చల్లగా ఉన్నానని చెప్పడమంటే ఇదే. వేడితో నిరోధం తగ్గే థర్మిస్టరును వాడినవారికి మరొక గండం: తీగె తెగితే అనంత నిరోధం, అనగా అతి చల్లదనం! తెగిన తీగెకు అంకె చూపకుండ "పని చేయుట లేదు" అని చూపే నాలుగు పంక్తుల ప్రోగ్రాము రంగుల తెరకన్న ఎంతో విలువైనది.

పాత ముల్లు మీటరును హేళన చేయడం నేటి అలవాటు. అందులోని ద్విలోహ పట్టీ నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా వంగుతుంది. అందువలననే ట్యాంకులో డీజిలు ఎంత చిందులాడినా ముల్లు ఊగదు. క్షణక్షణం అంకెలు మార్చే కొత్త మీటరు ఇరవై కొలతల సగటు తీసుకొంటే గాని ఆ నిదానం రాదు.

ఇంతకూ ఈ పలక నిజంగా దిట్ట కాలాన్ని కొలవడంలో. మన తోటలలో మందు కొట్టే స్ప్రేయరు పంపు ట్రాక్టరు వెనుక పి.టి.ఓ. షాఫ్టుతో నడుస్తుంది. దాని ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు. ఆ వేగం తప్పితే మందు పాళ్లు తప్పుతాయి. షాఫ్టుకు ఒక అయస్కాంతం, రక్షణ తొడుగు తీయకుండ దాని చెంత ఒక హాల్ సెన్సరు అమరిస్తే చాలు. ఐతే సెకనులో ఎన్ని చుట్లో లెక్కించరాదు. తొమ్మిదికి ఎనిమిది చేరితే 540 కాస్తా 480 అవుతుంది. ఒక్క చుట్టుకు పట్టిన కాలాన్ని కొలవవలె: 540 వద్ద అది 111.1 మిల్లీసెకన్లు, 545 వద్ద 110.1.