రెసర్పిన్ చూపిన దారి

మెదడులో ఫలానా రసాయనం ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ఫార్మకాలజీలో ఒక కఠినమైన పద్ధతి ఉంది. ముందు దాన్ని అక్కడ లేకుండా చేయాలి, ఆపైన జంతువు ఏమవుతుందో చూడాలి. స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ (1923–2018) డోపమైన్‌ను ఈ దారిలోనే పట్టుకున్నాడు. అందుకు పనికొచ్చిన పదార్థం రెసర్పిన్, మన దేశపు సర్పగంధి వేరులో ఉండేది.

మతి చలించినవారికి, నిద్ర పట్టనివారికి ఈ వేరును మన వైద్యులు తరతరాలుగా ఇస్తూ వచ్చారు. అది రక్తపోటును తగ్గిస్తుందని 1949లో బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాక పాశ్చాత్య వైద్యుల చూపు దాని మీద పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు అందులోంచి రెసర్పిన్‌ను విడదీశారు. మందు పనిచేసింది. కానీ కొందరు రోగుల్లో కదలికలు మందగించి, ఒళ్లు బిగుసుకుని, అచ్చం పార్కిన్సన్ వ్యాధిలాగే కనిపించింది. చికిత్సకు అడ్డమైన ఈ దుష్ఫలితమే పరిశోధనకు ఆధారమైంది.

లుండ్ విశ్వవిద్యాలయంలో కార్ల్‌సన్ మొదట పనిచేసింది కాల్షియం మీద. ఆ దారిలో ఉద్యోగం ముందుకు సాగక, 1955లో అమెరికాలోని బెథెస్డాలో బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాలకు వెళ్లి కొన్ని నెలలు ఉన్నాడు. రెసర్పిన్ మెదడులోని సెరటోనిన్ అనే రసాయనపు నిల్వలను ఖాళీ చేస్తుందని బ్రోడీ బృందం అప్పుడే కనిపెట్టింది. లుండ్‌కు తిరిగొచ్చి నిల్స్ ఆకే హిలార్ప్‌తో కలిసి చూస్తే, నోరడ్రినలిన్ అనే మరో రసాయనం కూడా అలాగే ఖాళీ అవుతోంది.

1957 నాటి ప్రయోగం చూడటానికి చాలా చిన్నది. రెసర్పిన్ ఇచ్చిన కుందేళ్లు చెవులు వేలాడేసి కదలకుండా పడి ఉన్నాయి. శరీరంలో నోరడ్రినలిన్ తయారీకి ముడిసరుకైన డోపాను వాటికి ఇంజెక్షన్ చేస్తే పావుగంటకల్లా లేచి తిరిగాయి. నోరడ్రినలిన్ మళ్లీ నిండింది కాబోలు అని ఎవరైనా అక్కడితో ఆగిపోయేవారే. కార్ల్‌సన్ ఆగకుండా మెదడులో కొలిచి చూశాడు. నోరడ్రినలిన్ నిండలేదు. అంతవరకు దాని తయారీలో ఒక మధ్య మెట్టుగా మాత్రమే లెక్కలోకి వచ్చిన డోపమైన్ మీదికి అనుమానం మళ్లింది. దాన్ని కొలిచే పద్ధతిని సొంతంగా తయారు చేసుకుని, అది మెదడులో సహజంగానే ఉందని, రెసర్పిన్‌తో పోయి డోపాతో తిరిగి వస్తుందని 1958లో చూపించాడు. మరుసటి ఏడాది అతని శిష్యులు బెర్ట్లర్, రోజెన్‌గ్రెన్ అది కదలికలను నడిపే స్ట్రయేటమ్ అనే మెదడు భాగంలో ఎక్కువగా ఉందని తేల్చారు. ఈ వరుసలో అన్నిటికంటే విలువైనది ఆ కొలతే.

అయినా 1960లో లండన్ సదస్సులో పెద్దలు నమ్మలేదు. ఫార్మకాలజీ దిగ్గజం హెన్రీ డేల్ అంతటివాడు డోపాను విషంగా భావించాడు. కానీ వియన్నాలో హోర్నికీవిచ్ అనే శాస్త్రవేత్త పార్కిన్సన్ రోగుల మెదళ్లలో డోపమైన్ బాగా తగ్గి ఉందని చూపించాడు. 1961లో బిర్క్‌మేయర్‌తో కలిసి రోగులకు ఎల్-డోపా ఇచ్చాడు. 1967లో జార్జ్ కోట్జియస్ మోతాదును మెల్లగా పెంచుతూ నోటి ద్వారా ఇచ్చే పద్ధతి తెచ్చాడు. పార్కిన్సన్ చికిత్సలో ఈనాటికీ ముఖ్యమైన మందు అదే.

1959 నుంచి గోథెన్‌బర్గ్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న కార్ల్‌సన్, క్లోర్‌ప్రొమజీన్, హాలోపెరిడాల్ అనే మానసిక రోగాల మందులు రెసర్పిన్‌లా నిల్వలను ఖాళీ చేయవని, ఈ రసాయనాలను అందుకునే గ్రాహకాలను అడ్డుకుంటాయని 1963లో ప్రతిపాదించాడు.

కొలత విషయంలో అతని పట్టుదల ప్రయోగశాల దాటి కూడా కనిపించింది. తాగునీటిలో ఫ్లోరైడ్ కలపడాన్ని స్వీడన్‌లో గట్టిగా వ్యతిరేకించాడు. ఎవరు ఎన్ని నీళ్లు తాగుతారో తెలియనప్పుడు మందు మోతాదును ఎలా అదుపు చేస్తారన్నది అతని ప్రశ్న. అలా కలపడాన్ని అనుమతించిన చట్టాన్ని స్వీడన్ పార్లమెంటు 1971లో రద్దు చేసింది. నల్గొండలో ఎముకలను వంచిన ఫ్లోరైడ్ నీటిలో సహజంగా, చాలా ఎక్కువ మోతాదులో ఉన్నది కాబట్టి ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. అయినా తెలుగువారు ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేరు.

సెరటోనిన్‌ను మాత్రమే ప్రభావితం చేసే జిమెలిడిన్ తయారీలోనూ అతని పాత్ర ఉంది. డిప్రెషన్‌కు 1982లో మార్కెట్లోకి వచ్చిన ఆ మందు, కొందరు రోగుల్లో గిలియన్ బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు కనబడటంతో 1983లోనే వెనక్కి పోయింది. ఆ తరహా మందుల్లో ఫ్లుయోక్సెటిన్ తర్వాత ప్రపంచమంతా వ్యాపించింది.

2000లో పాల్ గ్రీన్‌గార్డ్, ఎరిక్ కాండెల్‌లతో కలిసి కార్ల్‌సన్ నోబెల్ బహుమతి అందుకున్నాడు. అప్పటికి 77 ఏళ్లు. డోపమైన్ ఎక్కువైతే తగ్గించి, తక్కువైతే పెంచి నిలకడ తెచ్చే మందుల కోసం ఆ తర్వాత కూడా పరిశోధన కొనసాగించాడు.