లేయా హాయిగానే ఉంది

ఫ్రెంచి రచయిత్రి కొలెట్ రాసిన ‘షెరీ’ (1920), దాని కొనసాగింపు ‘షెరీ అంతం’ (1926), రెండూ చిన్న నవలలే. నేను ఇంగ్లీషులో చదివాను. మొదటిసారి రెండోది నచ్చలేదు. ఎందుకో ఇప్పుడు చెప్పాలంటే కాస్త సిగ్గుగా ఉంది.

మొదటి నవల యుద్ధానికి ముందు ప్యారిస్‌లో జరుగుతుంది. డబ్బున్న మగవాళ్ల పోషణలో బతకడమే లేయా వృత్తి. 49 ఏళ్లొచ్చేసరికి బాగానే వెనకేసుకుంది. ఆరేళ్లుగా ఆమె దగ్గరుంటున్న షెరీ తోటి వృత్తిలోని ఆవిడ కొడుకు, వయసులో ఆమెకి సగం. ఇప్పటి షుగర్ డేటింగ్ భాషలో లేయా మొదట బేబీ, తర్వాత మమ్మీ. (షెరీ కూడా డబ్బున్నవాడే కాబట్టి రెండో మాట పూర్తిగా అతకదు.) అతనికి పెళ్లవుతుంది. ఒక రాత్రి తిరిగొస్తే, తెల్లారాక ఆమే పంపించేస్తుంది.

రెండో నవలలో, యుద్ధం అయ్యాక, షెరీ ఆమెని వెతుక్కుంటూ వెళ్తాడు. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒక లావుపాటి పెద్దావిడ కనిపిస్తుంది. ఆవిడే లేయా. తిండి గురించి మాట్లాడుతుంది, పెద్దగా నవ్వుతుంది. షెరీ తట్టుకోలేడు. నేనూ తట్టుకోలేకపోయాను. ఆమెనిలా ఎందుకు చేశారని రచయిత్రి మీద కోపమొచ్చింది.

పోయినేడాది నా స్నేహితురాలొకామె అలాంటి సంబంధంలోంచి బయటికొచ్చింది. రెజ్యూమెలో రెండేళ్ల ఖాళీకి ఏం రాయాలా అని ఇద్దరం ఒక పూటంతా తంటాలు పడి, చివరికి ‘ఫ్యామిలీ రీజన్స్’ అని పెట్టాం. ఇంటర్వ్యూల్లో దాన్నెవరూ గుచ్చి అడగలేదు. ఆమెని విసిగించింది పాత పరిచయస్తులు. “ఏంటే, ఇలా అయిపోయావ్? ఆ హ్యాండ్‌బ్యాగులేవి?” అని ఒకటే జాలి. అప్పుడామె మూడు పూటలా తిని, రాత్రి పదింటికల్లా నిద్రపోతోంది.

ఆ తర్వాత మళ్లీ చదివితే ఆ సీను వేరేగా కనిపించింది. జాలంతా షెరీది. లేయా నోట్లోంచి ఒక్క నిట్టూర్పు కూడా రాదు. అసలు ఈ నవలలో పనిలేనివాడు షెరీ ఒక్కడే. భార్య ఆసుపత్రి పనుల్లో తలమునకలుగా ఉంది, తల్లికీ తీరిక లేదు. లేయా ఆ బతుకులోంచి బయటపడింది, ఇతను పడలేకపోయాడు. ఆమె పాత ఫోటోలున్న గదిలో కూచుని, కూచుని, చివరికి పిస్తోలు పేల్చుకుంటాడు.

ఇది చదువుతుంటే మన మధురవాణి గుర్తురాకుండా ఉండదు. సౌజన్యారావు పంతులు ఆమె చేతిలో భగవద్గీత పెడతాడు. మంచిదే, మరి వచ్చే నెల అద్దె? గురజాడ ఆ ఊసెత్తలేదు. కొలెట్ కనీసం లేయాకి కడుపునిండా తిండీ, కూర్చోడానికి సొంత కుర్చీ ఇచ్చింది.

అయినా నాకో ఫిర్యాదుంది. ఆ జీవితాన్ని మనకి చూపించేది ఒక్క మధ్యాహ్నమే, అదీ షెరీ కళ్లతో. జుట్టుకి రంగేసుకోవడం మానేద్దామని లేయా ఏ రోజు అనుకుందో, అద్దంలో చూసుకుని ఏమనుకుందో నవలలో లేదు. ఆ పేజీలే నాకు కావాలి.