హెడర్లను కదపకుడు

లైనక్సు వ్యవస్థకు ఆధారమైన సి లైబ్రరీని, అనగా గ్లిబ్‌సీని, స్వహస్తములతో కంపైలు చేయు అభిరుచి నాకు చిరకాలముగా కలదు. అందు మిక్కిలి ప్రియమైన ఘట్టము, అనేకులు విసుగుతో దాటిపోవు కెర్నెలు హెడర్ల ఏర్పాటు. ఏ సిస్టమ్ కాలునకు ఏ సంఖ్య నియతమో, కెర్నెలునకును ప్రోగ్రామునకును నడుమ సాగు సమాచారము ఏ స్ట్రక్చరులో ఒదుగవలెనో ఆ ఫైళ్లే చెప్పును. లైబ్రరీ కంపైలగునపుడు ఆ సంఖ్యలును కొలతలును దానియందు స్థిరపడిపోవును.

1990 దశకమున యూఎస్ఆర్-ఇంక్లూడు డైరెక్టరీలోని లైనక్స్, ఏఎస్ఎమ్ అను రెండు పేర్లను సిమ్‌లింకులుగా చేసి, కెర్నెలు సోర్సున్న చోటికి ముడివేయు ఆచారము ప్రబలియుండెను. కొత్త సోర్సు దించుకొన్నంతనే హెడర్లు మారిపోవును. లైబ్రరీ మాత్రము పాత హెడర్లతో కంపైలైనదే. ఇల్లు కట్టిన పిమ్మట ప్లాను కాగితము మార్చినంత మాత్రమున గోడలు జరుగునా? 2000 జూలైలో లైనస్ టోర్వాల్డ్సే ఈ ఆచారము తప్పనియు, గ్లిబ్‌సీ ఏ హెడర్లతో కంపైలైనదో అవియే అచట ఉండవలెననియు స్పష్టపరచెను. ఆ తీర్పు సబబే. కాని సిమ్‌లింకు పెట్టుట ఎంత సులభమో ఎరిగినవాడను గనుక, ఆ దారి పట్టినవారిపై నాకు కోపము లేదు.

2006లో వెలువడిన 2.6.18 కెర్నెలు, తన అంతరంగ నిర్వచనములను తొలగించి, బయటివారికి వలసిన హెడర్లను మాత్రమే వేరుచేసి ఇచ్చు 'మేక్ హెడర్స్-ఇన్‌స్టాల్' అను సదుపాయమును ప్రసాదించెను. 2012 నాటి 3.7లో ఆ హెడర్లకు యూఏపీఐ అను ప్రత్యేక స్థానమే ఏర్పడెను. నేడు వానిని విడిగా ఒక డైరెక్టరీలో ఉంచి, గ్లిబ్‌సీ కాన్ఫిగరునకు 'విత్-హెడర్స్' ద్వారా ఆ దారి చూపిన చాలును.

నడుచుచున్న కెర్నెలుకంటె హెడర్లు కొత్తవైనచో ప్రమాదమని భయపడువారు కలరు. అది నిరాధారము. లైబ్రరీ ఎరిగిన కాలును కెర్నెలు ఎరుగనిచో ఈనోసిస్ అను ఎర్రరు వచ్చును; పాత మార్గము సిద్ధముగా నున్నచోట గ్లిబ్‌సీ దానినే పట్టును. లైబ్రరీ ఎంత పాత కెర్నెలుపై నడువవలెనో చెప్పునది హెడర్ల వయస్సు కాదు, 'ఎనేబుల్-కెర్నెల్' అను ఆప్షను. అందును 2017 నాటి 2.26 వెర్షను మొదలు 3.2కంటె పాత కెర్నెలును గ్లిబ్‌సీ అంగీకరింపదు.

డెబియన్ వాడువారు మరొకటి గమనింపవలెను: 'లైనక్స్-హెడర్స్' ప్యాకేజీలు డ్రైవర్ల వంటి మాడ్యూళ్లు కంపైలు చేయుటకు ఉద్దేశింపబడినవి, లైబ్రరీలకును సామాన్య ప్రోగ్రాములకును వలసినది 'లైనక్స్-లిబ్‌సీ-డెవ్'. కావున కొత్త కెర్నెలును స్వయముగా కంపైలు చేసి వేసికొన్ననాడు, యూఎస్ఆర్-ఇంక్లూడు జోలికి మాత్రము పోకుడు.