కోసిగి వంటింట కేకు

కేకు మాట యెత్తగనే మన గృహిణులకు మొదట కలుగు విచారము ఓవెను లేదేయనునది. ఆదోనికి రైలెక్కి పోయివచ్చు కోసిగివారికి బేకరీ అద్దముల వెనుక నుండు గులాబిరంగు కేకులు కొత్తవి కావు. పుట్టినరోజుల పేరిట అవి చుట్టుపట్ల పల్లెలకును వచ్చి చేరినవి. అయినను దానిని ఇంటనే చేయవచ్చునను తలంపు చాలమందికి రాదు, వచ్చినను ఆ యొక్క యంత్రము లేని కారణమున అణగిపోవును. ఈ విచారము నిరాధారమని నా అభిప్రాయము. కేకునకు ముఖ్యము యంత్రము కాదు, గాలి. పిండిలో గాలిని బంధించి, అది పారిపోకమునుపే దాని చుట్టునున్న పలుచని గోడలను వేడిమిచే గట్టిపరచుటయే ఈ విద్యయొక్క సారము.

జొన్నరొట్టె తట్టు చేతికి ఈ సంగతి సగము తెలిసియే యుండును. జొన్నపిండిలో గోధుమకుండు జిగురు లేదు. చన్నీళ్లతో కలిపిన రొట్టె అంచులు పగిలిపోవును గనుకనే కాగిన నీరు పోసి, పిండిని కొంత ఉడికించి, అరచేతితో గట్టిగ మర్దించి, ఆ పిమ్మట తట్టుదురు. అచట బలము కావలెను, ఎంత మర్దించిన అంత మేలు. మైదా తీరు దీనికి కేవలము విరుద్ధము. తడి తగిలి గరిటె తిరిగినకొలది మైదాలోని మాంసకృత్తులు ఒకదానితో నొకటి పెనవేసికొని సాగుచుండును. పరోటాకు వరమైన ఆ సాగుడే కేకునకు శాపము. కావున రొట్టె చేయుటయందు ఆరితేరినవారు మైదా కలుపునపుడు తమ చేతి అలవాటును కొంతసేపు మరువవలెను. తొలిసారి చేసిన కేకు గట్టిపడుటకు కారణము తరచుగ పదార్థలోపము కాదు, శ్రద్ధాధిక్యము.

కొలతల విషయమున పూర్వులు పెట్టిన సూత్రము మిక్కిలి సులభము. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో వాడుకయందున్న పౌండు కేకునకు మైదా, వెన్న, చక్కెర, గ్రుడ్లు తలకొక పౌండు చొప్పున వేసెడివారు. మన కంత అక్కరలేదు. సమభాగములన్న మాట చాలును. ఇంట చిన్న తక్కెడ యున్నచో తూకపురాళ్లు సైతము అనవసరము. ఒక తట్టలో మూడు కోడిగ్రుడ్ల నుంచి, వానికి సరితూగునట్లు రెండవ తట్టలో మొదట మైదాను, పిదప చక్కెరను, ఆపైన వెన్నను తూచుకొనవలెను. ఒక్కొక్కటి ఇంచుమించు 150 గ్రాములు వచ్చును. గ్రుడ్లు పెద్దవైనను చిన్నవైనను లెక్క చెడదు. మైదాలో ఒక చిన్న చెంచాడు బేకింగు పౌడరును, చిటికెడు ఉప్పును చేర్చి రెండుమార్లు జల్లించవలెను. పరిమళమునకు వెనిలాయే కావలెనని పట్టు లేదు. 1883లో తలశ్శేరిలో మంబళ్లి బాపు, తోటల యజమానియగు మర్డాక్ బ్రౌను తెచ్చి చూపిన విలాయతి కేకును చూచి, తన ఊర దొరకు సరుకులతోనే క్రిస్మసు కేకు చేసి మెప్పించెనని చెప్పుదురు. మన యింట ఏలకులున్నవి; నన్నడిగిన అవియే మేలు.

వెన్నను, చక్కెరను కలిపి గిలకొట్టుట ఈ పని యంతటికిని ప్రాణము. చక్కెర పలుకుల అంచులు వెన్నను చీల్చుకొని పోవుచు లెక్కకు మిక్కిలియైన సూక్ష్మపు గాలిబుడగలను అందు నాటును. మన బజారు చక్కెర పలుకు పెద్దది గనుక మిక్సీలో ఒక్క త్రిప్పు త్రిప్పి సన్నరవ్వ పాటి చేసికొనుట మంచిది. బొత్తిగ పిండి చేసినచో అంచులు నశించి ఆ పని అంతగ జరుగదు. చెక్క గరిటెతో పది పదునైదు నిమిషములు విడువక త్రిప్పగా వెన్న వన్నె వెలిసి, తేలికపడి, గిన్నె అంచున మీగడవలె నిలుచును. ఇచటనే కోసిగి యెండ అడ్డము వచ్చును. గాలిని పట్టుకొనుటకు వెన్న మెత్తనై యుండవలెనేగాని కరగరాదు. సుమారు 20 డిగ్రీల వేడిమి దానికి అనుకూలము. వేసవి పగళ్లు 40 డిగ్రీలు దాటు ఈ సీమలో మధ్యాహ్నపువేళ వెన్న గిలకొట్టబూనుట నూనెను గిలకొట్టుటయే యగును. వేకువనే లేచి, గిన్నెను కుండనీరు పోసిన వెడల్పు పళ్లెములో నిలిపి చేసినచో పని సాగును. ఇంట చిలికిన వెన్నయైన యెడల మజ్జిగ పులుపు పోవువరకు కడిగి, నీరంతయు పిండివేయవలెను.

పిదప గ్రుడ్ల నొక్కొక్కటిగ కొట్టి కలుపవలెను. మిశ్రమము విరిగినట్లు కనబడినచో బెదరక చెంచాడు మైదా చల్లిన సర్దుకొనును. మైదాను మూడు విడతలుగ వేసి, గరిటెను అడుగునుండి పైకి మెల్లగ త్రిప్పుచు, తెల్లని చారలు మాయమైన క్షణముననే చేయి నిలుపవలెను. గరిటె నెత్తినపుడు పిండి తటాలున జారక, నిదానముగ ముద్దగ పడవలెను. పడకున్న ఒకటి రెండు చెంచాల పాలు.

బేకింగు పౌడరు లేని కాలమున గ్రుడ్లను గంటసేపు గిలకొట్టెడివారట. 1843లో బర్మింగుహామునందు ఆల్ఫ్రెడ్ బర్డ్ అను మందుల వర్తకుడు, ఈస్టు సరిపడని తన భార్యకొరకు ఈ పొడిని కల్పించి ఆ శ్రమను తగ్గించెను. ఇప్పుడు దొరకు పొడిలో వంటసోడా, దానికి తగిన ఆమ్ల లవణము, తేమనుండి కాపాడు పిండియు ఉండును. తడియు వేడియు తగులగనే బొగ్గుపులుసు వాయువు పుట్టును. కాని యీ వాయువు కొత్త బుడగలను కల్పింపదు, చేతితో మనము ముందు నాటిన బుడగలనే ఉబ్బించును. గిలకొట్టుటలో బద్ధకించి పౌడరును రెండింతలు వేయువారి కేకు చేదెక్కునే గాని గుల్లబారదు.

ఇక నిప్పు. ఇసుకలో బొరుగులు వేయించి ఉగ్గాని చేసికొను సీమవారికి ఇసుక వేడిని ఎంత సమముగ పట్టి యుంచునో వేరుగ చెప్పనక్కరలేదు. మందపాటి పాత డేక్సాలో, కడిగి బాగుగ ఎండించిన తుంగభద్ర యిసుకను అంగుళము మందమున పరచి, పైని చిన్న స్టాండు పెట్టి, మూతవేసి, మధ్యరకపు మంటపై పది నిమిషములు కాచవలెను. ఇసుక తడిగా నుండిన లోపల ఆవిరి పట్టును. వెన్న రాచి మైదా చల్లిన ఏడంగుళముల గిన్నెలో పిండిని సగమునకు కొంచెము పైగా పోసి, డేక్సాలో దింపి, మంట తగ్గించవలెను. కుక్కరే వాడువారు రబ్బరును, వెయిటును తప్పక తీసివేయవలెను. మొదటి అరగంట మూత ఎత్తరాదు. అప్పటికి గోడలు గట్టిపడియుండవు, చల్లగాలి తగిలిన నడుమ క్రుంగిపోవును. ఆడపిల్లలకు వంట నేర్పువారు సైతము ఈ యొక్క నియమమును తామే ఉల్లంఘించుట నేను చూచితిని. ముప్పావుగంట దాటిన పిమ్మట సన్నని పుల్లను నడుమ గ్రుచ్చవలెను, పచ్చిపిండి అంటక వచ్చిన దింపవచ్చును. ఇట్లు చేసిన కేకు పైభాగము ఓవెనులో వలె ఎరుపెక్కదు. కట్టెలపొయ్యి యున్నవారు చివరి పది నిమిషములు మూతమీద నిప్పుకణికలుంచినచో ఆ కొరతయు తీరును.

పక్క స్టేషను మంత్రాలయం రోడ్డు; రాఘవేంద్రస్వామి మఠమునకు పోవు భక్తుల యిండ్లలో గ్రుడ్డు ప్రసక్తి కుదరదు. వారికిని దారి కలదు. 1898లో బెంగుళూరు చిక్కపేటలో తిరుమలాచారు సోదరులు స్థాపించిన బేకరీతో మొదలైన అయ్యంగారు బేకరీల పరంపర, గ్రుడ్డు లేకయే కేకు చేయు పద్ధతిని కన్నడదేశమంతట వ్యాపింపజేసినది. ఒక గిన్నెడు గట్టి పెరుగులో ముప్పావు గిన్నె చక్కెర కరగించి, అరచెంచా వంటసోడా, చెంచాంపావు బేకింగు పౌడరు కలిపి ఐదు నిమిషములు విడిచినచో పెరుగు పొంగి నురుగు కట్టును. అందు అరగిన్నె నూనెను, గిన్నెన్నర మైదాను కలిపిన చాలును. గానుగ వేరుశనగనూనె వాసన కేకును మింగివేయును గనుక వాసన లేని నూనెయే వాడవలెను. మైదాలో పావువంతు జొన్నపిండి చేర్చినను చెడదు, రుచియు పెరుగును. అంతకు మించిన పొడిపొడియగును.

దింపిన కేకును పది నిమిషములు గిన్నెలోనే విడిచి, బోర్లించి, పూర్తిగ చల్లారిన పిదపనే కోయవలెను. వేడిమీద కోసిన ముక్కలు నలిగి ముద్దగును. ఇచటి పొడిగాలికి కోసిన ముఖము ఒక్కపూటలో ఎండిపోవును గాన, మూతగల డబ్బాలో దాచుట అవసరము. క్రీము పూతల జోలికి కొత్తవారు పోనేల? ఈ యెండలో అది సాయంకాలమువరకు నిలువదు, నిలుచు క్రీములలో రుచి యుండదు.