అచ్చుపుస్తకమునందలి కాకువు

ఒకే వాక్యమును రెండు విధముల చదివినచో రెండర్థము లిచ్చునని మన యాలంకారికు లెరుగుదురు. ఆ కంఠభేదమునకే కాకువని పేరు. రుద్రటుడు దీని నలంకారములలో చేర్పగా, ఇది పఠనధర్మమే గాని యలంకారము కాదని రాజశేఖరుడు కావ్యమీమాంసలో నాక్షేపించెను. రాజశేఖరుని మాటయే నిజమైనచో, ఉన్నదానికి విపరీతముగ పలికి సంఘమును కుదుప నెంచు కథకునకు పెద్ద చిక్కు కలదు. చదువరి చెంత కూర్చుండి కనుబొమ యెగురవేయుట కతనికి వీలు లేదు గదా!

ఈ చిక్కులో బడినవాడు డేనియల్ డిఫో. 1702 డిసెంబరులో నతడు లండను నగరమున తన పేరు దాచి యొక చిన్న పుస్తకము ప్రకటించెను. రాజాంగమతమున చేరని క్రైస్తవులను డిస్సెంటర్లని పిలిచెడివారు. వారి ప్రార్థనసభలకు పోవువారిని దేశమునుండి వెడలగొట్టి, బోధకుల నురిదీయవలెనని యా పుస్తకమున నొక మతోన్మాది వాదించును. డిఫో తానును డిస్సెంటరే. ఎదుటిపక్షమువారి మాటనే మరికొంత సాగదీసి వారిని సిగ్గుపరుపదలచెను. అనుకరణము మిక్కిలి చక్కగ కుదిరినది. అదియే కొంప ముంచినది. ఎదుటివారిలో కొందరు నిజమనుకొని మెచ్చుకొనిరి, తనవారు బెదరిపోయిరి. కర్త యెవరో తెలిసినంతనే ఇరువాగులవారును మండిపడిరి. 1703 జూలైలో మూడు దినములు అతని మెడయు చేతులును కొయ్యలో బిగించి నడివీధిని నిలిపిరి.

1729లో జొనాథన్ స్విఫ్టు డబ్లినులో నింతకంటె ఘోరమైన మాట పలికెను. ఐర్లండు దేశపు పేదల బిడ్డలలో లక్షమందిని ఏడాది నిండగనే ధనికుల భోజనమునకు అమ్మవలెనట! పెంపకమునకు రెండు షిల్లింగులు, వెల పది షిల్లింగులు. చెప్పువాడు రాక్షసుడు కాడు. దేశక్షేమము కోరు పెద్దమనిషి, లెక్కలు తెలిసినవాడు. ఎక్కడను గొంతు పెంచడు. అయినను ఒక్కచోట నా గొంతు మారును. విదేశమున కాపురముండు భూస్వాములపై పన్ను వేయుట, స్వదేశవస్తువులనే వాడుట మొదలగు ఉపాయములను నాతో చెప్పకుడని యతడు విసుగుకొనును. చెప్పవద్దన్నవే చేయదగినవి! ఈ యొక్క పగులునుండి స్విఫ్టు కంఠము వినబడును. డిఫో పుస్తకమున నిట్టి పగులు లేదు. ఇది శిల్పమునకు లోపమని యనువారుందురు గాని, నే నంగీకరింపను.

పై తరగతి బాలురకు దీనిని మొదటిసారి చదివి వినిపించినపుడు నేను వెక్కిరింతగ చదివితిని. తరగతి యంతయు నవ్వినది, అంతతో సరి. మరుసటి యేడు పురపాలక సంఘపు ఆదాయవ్యయ పట్టిక చదివినట్లు చదివితిని. వెల చెప్పుచోట ఒక్కొక్కరే తలలెత్తిరి. తన భార్య కిక కాన్పులు లేవనియు, కడగొట్టు బిడ్డకు తొమ్మిదేండ్లనియు, కావున తనకీ బేరమున లాభము లేదనియు ఆ పెద్దమనిషి చెప్పు చివరిమాటకు ఎవ్వరును నవ్వలేదు.

మన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చుపడెను. ఆ కూర్పునకు వారు ఇంగ్లీషున వ్రాసిన పీఠికలో విశాఖపట్టణమండలపు శుల్కవివాహముల లెక్క కలదు: మూడేండ్లలో 1,034. అందు ఐదేండ్ల పెండ్లికూతుండ్రు 99 మంది, ఏడాది వయసువారు ముగ్గురు. స్విఫ్టు లెక్క కల్పితము, ఇది కాదు. పీఠికలో నింత కఠినముగ పలికిన కలము నాటకములో కోపము చూపదు. అగ్నిహోత్రావధానులు బిడ్డను బేరమాడునపుడు తాను పాపము చేయుచున్నానని యెరుగడు. ఇంటి ఖర్చు చూచుకొను గృహస్థువలెనే మాటలాడును. మన నటకులలో కొందరు ఆ పాత్రకు మీసము మెలివేసి కేకలు పెట్టింతురు. ప్రేక్షకులు బాగుగ నవ్వుదురు. ఆ గొంతు తమ పెదతండ్రిదో మేనమామదో యని గుర్తుపట్టుటకు మాత్రము వారి కవకాశము దొరకదు.