గుండెలో ఆడే బిళ్ళ

చిత్ర అనే కృత్రిమ గుండె వాల్వ్‌ను మొదటిసారి చూసినవాళ్లకు ‘ఇంతేనా’ అనిపిస్తుంది. ఒక లోహపు చట్రం, మధ్యలో పలుచని ప్లాస్టిక్ బిళ్ళ, గుండె కండరానికి కుట్టడానికి చుట్టూ పాలియెస్టర్ బట్ట రింగు. అంతే. కానీ గుండె ఏడాదికి సుమారు నాలుగు కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అన్నిసార్లూ ఆ బిళ్ళ పక్కకు వాలి రక్తానికి దారివ్వాలి, వెంటనే మూసుకోవాలి. లోపల పెట్టాక దాన్ని విప్పి బాగుచేసే వీలుండదు.

దీన్ని రూపొందించింది తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య సంస్థ. గుండె శస్త్రవైద్యుడు డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వం వహించగా, ఇంజనీర్ జి.ఎస్. భువనేశ్వర్ బృందం ఏళ్ల తరబడి శ్రమించింది. రుమాటిక్ జ్వరంతో వాల్వులు పాడైన పేద పిల్లలు, యువకులు ఆస్పత్రికి వస్తూనే ఉండేవారు. దిగుమతి వాల్వ్ కొనే స్తోమత వాళ్లలో చాలామందికి లేదు.

తొలి మూడు నమూనాలూ పరీక్షల్లో నిలవలేదు. ఒకదాంట్లో అతుకు దగ్గర కడ్డీ విరిగింది. మరోదాంట్లో టైటానియం మరీ అరిగిపోయింది. ఇంకోదాంట్లో కృత్రిమ నీలమణి స్ఫటికంతో చేసిన బిళ్ళ గొర్రె గుండెలో పగిలింది. నాలుగో నమూనాలో వాళ్లు తీసుకున్న నిర్ణయాలు చూస్తే నాకు అపారమైన గౌరవం కలుగుతుంది. చట్రాన్ని హేన్స్-25 అనే కోబాల్ట్ మిశ్రమలోహంలో, ఒకే దిమ్మ నుంచి చెక్కారు. ఎక్కడా అతుకు లేదు. ఇక బిళ్ళ విషయంలో మరింత గట్టి పదార్థం కోసం వెతకడం మానేసి, మెత్తనిదాని వైపు తిరిగారు. తుంటి కీలు మార్పిడిలో గిన్నెకు వాడే రకం పాలిథిలీన్‌ను ఎంచుకున్నారు. అది దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది, చప్పుడూ తక్కువ. చట్రంలో బిళ్ళ స్వేచ్ఛగా తిరుగుతుంది కనుక అరుగుదల ఒకేచోట పడకుండా అంచంతా పంచుకుంటుంది. 1990 డిసెంబరులో మొదటి రోగికి అమర్చారు.

అతుకు లేకపోవడం ఎంత పెద్ద సంగతో తెలియాలంటే, అమెరికాలో షైలీ కంపెనీ తయారుచేసిన బ్యోర్క్–షైలీ వాల్వ్‌లలో ఒక రకం కథ గుర్తు చేసుకోవాలి. అందులో ఒక కడ్డీని వెల్డింగ్‌తో చట్రానికి అతికేవారు. కొన్ని వాల్వుల్లో అది రోగి గుండెలోనే విరిగింది, వందలమంది చనిపోయారు. 1986లో ఆ రకాన్ని మార్కెట్ నుంచి ఉపసంహరించేనాటికి దాదాపు 86,000 మందికి అమర్చి ఉన్నారు. రూపకల్పన చేసినవాడి గీత కాగితం మీద ఎంత అందంగా ఉన్నా, రోగి బతుకు చివరికి వెల్డింగ్ బల్ల దగ్గర కూర్చున్న మనిషి చేతిలో, ఆ పనిని తనిఖీ చేసిన మనిషి కంట్లో ఉంటుంది.

అందుకే చిత్ర వాల్వ్ చరిత్రలో తయారీ బాధ్యత ఎవరికి అప్పగించారన్నది చిన్న విషయం కాదు. ఆ బాధ్యత టీటీకే సంస్థకు వెళ్లింది. ప్రెస్టీజ్ కుక్కర్లతో ఇంటింటికీ తెలిసిన గ్రూపు అది. గుండె వాల్వుల అనుభవం చూసి ఎంచుకుందామంటే, అప్పటికి మన దేశంలో ఆ అనుభవం ఎవరికీ లేదు. ఆరు ఆస్పత్రుల్లో 306 మందిపై జరిగిన ట్రయల్‌కు 1995 దాకా పట్టింది. ఆదాయం కనబడని అన్నేళ్లు పట్టు వదలకుండా నిలబడే సంస్థ కావాలి. ఆ తర్వాత ఈ వాల్వ్ లక్షమందికి పైగా చేరింది.

ప్రయోగశాలలో నిపుణుడు సానపట్టిన తొలి ముక్కలో అతని కన్ను ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆ కన్ను కాగితం మీదికి, గేజి మీదికి, షిఫ్టు మారినా మారని పద్ధతిలోకి రావాలి. స్టెరిలైజేషన్నే తీసుకోండి. ప్యాకెట్‌లోని వాల్వ్‌పై సూక్ష్మజీవులు లేవని పరీక్షించాలంటే ప్యాకెట్ విప్పాలి, విప్పితే ఆ వాల్వ్ ఇక రోగికి పనికిరాదు. కాబట్టి వస్తువును కాక ప్రక్రియనే ముందుగా రుజువు చేయాలి. ఒక్క సూక్ష్మజీవి మిగిలే అవకాశం పది లక్షల్లో ఒకటికి మించకూడదన్నది ప్రమాణం. అలాగే ప్రతి వాల్వ్‌కూ సొంత నంబరు ఉండాలి. ఆ నంబరు పట్టుకుని వెనక్కి వెళితే లోహపు దిమ్మ ఏ లాట్‌లోదో తెలియాలి.

శ్రీ చిత్ర సంస్థే రూపొందించిన రక్తపు సంచి కూడా ఇలాగే తగిన చేతిని వెతుక్కుంది. ఐఏఎస్ వదిలి వచ్చిన సి. బాలగోపాల్ తిరువనంతపురంలోనే పెన్‌పోల్ కంపెనీ పెట్టి దాన్ని తయారుచేశారు. రూపొందించినవాళ్లూ తయారుచేసేవాళ్లూ ఒకే ఊళ్లో ఉండటాన్ని నేను చాలా పెద్ద సదుపాయంగా చూస్తాను. సంచి అతుకు ఊడితే ఫోను కంటే ముందు మనిషే వెళ్లి చూడగలడు.

ఇప్పుడు విశాఖపట్నం మెడ్‌టెక్ జోన్‌లో, హైదరాబాద్ దగ్గరి సుల్తాన్‌పూర్ పార్కులో ఎంతోమంది తెలుగు యువ ఇంజనీర్లు తమ పరికరానికి తయారీదారును వెతుకుతున్నారు. 2017 నిబంధనల ప్రకారం వైద్య పరికరాలు ఎ నుంచి డి వరకు నాలుగు తరగతులు. గుండె వాల్వ్ డి తరగతిలోకి వస్తుంది, లైసెన్సు ఇచ్చేది కేంద్ర సంస్థ. వైద్య పరికరాల నాణ్యతకు సంబంధించిన ఐఎస్ఓ 13485 ధ్రువపత్రం గోడమీద ఉందో లేదో చూడాల్సిందే. కానీ నేనైతే ఫ్యాక్టరీలోకి వెళ్లగానే తిరస్కరించిన ముక్కల రిజిస్టర్ అడుగుతాను. ఏ ముక్క, ఏ రోజు, ఏ కొలత తప్పింది, ఎవరు ఆపారు, ఆ లాట్‌లో మిగతావాటిని ఏంచేశారు అన్నవి అందులో రాసి ఉంటే, అప్పుడు కూర్చుని ధర మాట్లాడతాను.