మినోసు ఎద్దు, ద్యుపతి దుఃఖం: గ్రీకు పురాణగాథలపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

లుస్త్రలో పుట్టు కుంటివాడు లేచి నడిచినప్పుడు అక్కడి ప్రజలు బర్నబాను ద్యుపతి అనీ, పౌలును హెర్మే అనీ తలంచి, ఎడ్లతో, పూదండలతో బలి అర్పించబోయారు (అపొ. కా. 14:8-18). ఈ భాగంపై మనం వినే ప్రసంగాలు సాధారణంగా ఆ ప్రజల అజ్ఞానాన్ని ఒక్క మాటలో ఖండించి ముందుకు సాగిపోతాయి. ఆ గాథలకు వారి మనస్సులపై అంత పట్టు ఎలా కలిగింది? వాటిని పూజించేవారు కరువైన తరువాత కూడా లోకం వాటిని ఎందుకు చదువుతోంది? ఈ ప్రశ్నలను ఎదుర్కొనకుండా వాటిని కట్టుకథలని తోసివేయడం వాక్యపరిచారకునికి తగదని మేము భావిస్తున్నాము.

లుస్త్ర ప్రజల భయం

రోమా కవి ఒవిదు తన 'మెటమార్ఫసిస్' కావ్యంలో ఫ్రుగియ ప్రాంతపు గాథ ఒకటి చెప్పాడు. ద్యుపతి, హెర్మే మనుష్యరూపంలో ఇంటింటికీ తిరుగగా వెయ్యి ఇండ్లవారు తలుపులు మూసుకొన్నారు. ఫిలేమోను, బౌకిసు అనే పేద వృద్ధ దంపతులు మాత్రమే వారిని చేర్చుకొన్నారు. తరువాత ఆ ఊరంతా నీట మునిగింది. ఆ దంపతుల గుడిసె దేవాలయమైంది. ఈ కావ్యం పౌలు లుస్త్రకు రావడానికి సుమారు 40 ఏండ్ల ముందటిది. లుస్త్ర పరిసరాలలో దొరికిన 3వ శతాబ్దపు శాసనంలో కూడా ఈ ఇద్దరు దేవతల పేర్లు కలిసి కనబడుతున్నాయి. కాబట్టి ఆ ప్రజల తొందరపాటు వెనుక ఇటువంటి గాథ ఉండవచ్చునని పలువురు వ్యాఖ్యాతల అభిప్రాయం. వచ్చిన దేవతలను మరల నిరాకరిస్తే నాశనం తప్పదన్న భయాన్ని వారి ఆరాధనలో మనం చూడవచ్చు.

మన తెలుగు అనువాదకులు జ్యూస్‌ను ద్యుపతి అన్నారు. ఆ గ్రీకు పేరు, సంస్కృత 'ద్యౌః' శబ్దం ఒకే మూలం నుండి వచ్చినవి. అలాగే అపొ. కా. 28:11లో ఓడ చిహ్నమైన గ్రీకు కవల దేవతలకు 'అశ్వినీ' అనే మాట వాడారు. ఇది పాండిత్యంగల అనువాదమే. అయితే పేర్లు దగ్గరైనంత మాత్రాన కథలు ఒకటేనని బోధకుడు అనుకోరాదు.

రాక్షసుని పుట్టుక

గ్రీకు గాథల ఆకర్షణలో రాక్షసులది పెద్ద పాలు. మినోటారు అనే ఎద్దుతల మనిషి సంగతి చూడండి. క్రేతు రాజైన మినోసు తన రాజ్యాధికారానికి గుర్తుగా సముద్రదేవుడైన పొసైడాను నుండి ఒక ఎద్దును కోరి, దానినే బలి ఇస్తానని మ్రొక్కుకొన్నాడు. ఎద్దు అందాన్ని చూచి మనసు రాక, దానిని దాచుకొని వేరొక ఎద్దును బలి ఇచ్చాడు. దేవుడు కోపించి రాణికి ఆ ఎద్దుపై మోహం పుట్టించగా మినోటారు పుట్టింది. దానికి ఆహారంగా ఏథెన్సు నుండి ఏడుగురు యువకులు, ఏడుగురు కన్యలు పంపబడ్డారు.

ఇక్కడ సౌలు మనకు గుర్తుకు రాకమానడు. అతడు కూడా క్రొవ్విన గొఱ్ఱెలను, ఎడ్లను మిగుల్చుకొన్నాడు (1 సమూ. 15). రాజు దురాశ చివరికి రాక్షసిని కంటుందన్న గ్రహింపు గ్రీకులకు ఉంది. దానిని మనం గౌరవించాలి. తేడా తీర్పులో ఉంది. సౌలు ఎదుట సమూయేలు నిలిచి అతనినే నిలదీశాడు. క్రేతులో మినోసును నిలదీసిన ప్రవక్త లేడు; శిక్ష భార్యపైన, పరాయి పిల్లలపైన పడింది. దావీదు జనసంఖ్య తీయించినప్పుడు ప్రజలు చనిపోలేదా అని ఎవరైనా అడగవచ్చు (2 సమూ. 24). అది న్యాయమైన ప్రశ్నే, సులువైన జవాబు లేనిదే. అయినా అక్కడ గాదు ప్రవక్త రాజు ముందుకే వచ్చాడు, రాజు తన నేరం ఒప్పుకొన్నాడు.

ద్యుపతి దుఃఖం

'ఇలియడ్' 16వ కాండలో ద్యుపతి కుమారుడైన సార్పెడాను యుద్ధంలో చావబోతాడు. తండ్రి అతనిని తప్పించాలని తపిస్తాడు. నీవు అలా చేస్తే ఇతర దేవతలూ తమ బిడ్డలను తప్పించుకొంటారని హేరా హెచ్చరిస్తుంది. ద్యుపతి లోబడి, నేలమీద రక్తవర్షం కురిపిస్తాడు. చివరకు నిద్ర, మృత్యువు అనే కవలలు ఆ శవాన్ని స్వదేశానికి మోసుకొనిపోతారు.

ఈ ఘట్టాన్ని ఎగతాళి చేసేవాడు బిడ్డను పాతిపెట్టిన తల్లిదండ్రుల ప్రక్కన కూర్చోలేడు. మరణం ఎదుట అధికారం కూడా చేతులు ముడుచుకోవడం మనిషి ఎరిగిన సత్యం. ఈ గాథలు నిలిచి ఉండటానికి అదొక కారణం. అయితే సిలువను దీనితో సమానం చేయలేము. ద్యుపతి తోటి దేవతలకు జంకి కుమారుని విడిచాడు; ఆ మరణం వల్ల ఎవరికీ విడుదల కలుగలేదు. మన తండ్రి మనందరి కొరకు తన కుమారుని అప్పగించాడు (రోమా 8:32), కుమారుడు తనంతట తానే ప్రాణం పెట్టాడు (యోహాను 10:18), సమాధి చివరి మాట కాలేదు.

పౌలు మార్గం

హోమరు, హెసియడు దేవతలకు దొంగతనం, వ్యభిచారం, మోసం అంటగట్టారని విమర్శించిన మొదటివారు క్రైస్తవులు కారు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో పుట్టిన క్సెనోఫనీసు ఆ మాట అన్నాడు. ప్లేటో తన 'రిపబ్లిక్'లో దానిని విస్తరించాడు. పౌలు అరేయొపగులో మరొక అడుగు వేశాడు. తన కిలికియకే చెందిన అరాటు అనే కవి ద్యుపతిని గూర్చి పలికిన మాటను తీసుకొని, సృష్టికర్తవైపు త్రిప్పాడు (అపొ. కా. 17:28). ఆ పట్టణంలోని విగ్రహాలను చూచి ఆత్మలో పరితపించినవాడే (17:16) ఆ కవిని చదివినవాడు కూడా.

ముగింపు

2005లో మొదలైన పెర్సీ జాక్సన్ నవలల ద్వారా, సినిమాల ద్వారా, వీడియో ఆటల ద్వారా మన యౌవనస్థులు కొందరికి ఈ దేవతలు పరిచయమే. వాటిని చదవవద్దని గద్దించడంతో కాపరి పని తీరదు. మినోసు కథ చెప్పి సమూయేలు ఎక్కడ ఉన్నాడని అడగండి. సార్పెడాను కథ చెప్పి తెరచిన సమాధి దగ్గరకు వారిని నడిపించండి. 4వ శతాబ్దంలో బాసిలు యౌవనులకు గ్రీకు సాహిత్యాన్ని గూర్చి బోధిస్తూ, తేనెటీగవలె ఏరుకొని తీసుకొమ్మన్నాడు. అలా ఏరుకోవడం నేర్పవలసిన బాధ్యత నేడు మనదే.